గర్భాశయ ముఖద్వార కేన్సర్: చికిత్సా ఫలితాన్ని సూచించే రక్త పరీక్షలు

చికిత్సకు పూనుకొనే ముందే వ్యాధి సాధ్యమో, కష్టసాధ్యమో, అసాధ్యమో వైద్యుడు విచారించాలని ఆయుర్వేదం ఆదేశిస్తున్నది. చరక సంహితలోని ఇంద్రియస్థానం, పన్నెండు అధ్యాయాలూ, రోగి భవితవ్యాన్ని తెలిపే లక్షణాలకే కేటాయింపబడింది. గురుకులంలో మేము నాడి, నేత్రం, జిహ్వ, స్వరం పరిశీలించి ఈ విచారణ చేయడం అభ్యసించాము. ఆధునిక వైద్యులు ఇదే ప్రశ్నకు సమాధానం రక్తంలో కూడా వెదుకుతున్నారు.

2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ కొత్తగా సోకిందనీ, 80,000 మంది వరకు మరణించారనీ అంచనా. శస్త్రచికిత్సకు లొంగే దశ దాటి వచ్చినవారికి రేడియేషన్‌తో పాటు సాధారణంగా వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఇస్తారు.

ఇటువంటివారి విషయంలో మొదట చూడవలసినది అతి సాధారణమైన హిమోగ్లోబిన్. రేడియేషన్ కిరణాలు కేన్సర్ కణాలను సమర్థంగా నశింపజేయాలంటే ఆ కణాలకు ప్రాణవాయువు అందుతూ ఉండాలి. రక్తం క్షీణించినప్పుడు కణితి లోపలి భాగానికి ప్రాణవాయువు చాలదు; అక్కడి కణాలు కిరణాలను తట్టుకొని నిలుస్తాయి. చికిత్సా కాలంలో హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న స్త్రీలలో ఫలితాలు తక్కువగా ఉంటున్నాయని అనేక పరిశీలనలు తెలుపుతున్నాయి. కణితి పెద్దదై రక్తస్రావం అధికమైనవారికే పాండురోగం ఎక్కువ కనుక, అంకె పెరిగినంత మాత్రాన అంతా చక్కబడుతుందని చెప్పలేము. అయినప్పటికీ వైద్యులు రక్తం ఎక్కించుకోమన్నప్పుడు సంకోచించరాదు. బీట్‌రూట్ రసంతో సరిపెట్టుకుంటామని కొన్ని కుటుంబాలవారు నాతో అంటుంటారు. స్రవించిపోతున్న రక్తాన్ని ఏ రసమూ కొద్ది వారాలలో పూరించలేదు. పైగా పొత్తికడుపుకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు విరేచనాలు సహజం. ఆ రోజులలో ఆకుకూరలు, పీచు పదార్థాలు బాధను పెంచవచ్చు. మెత్తని అన్నం, పలుచని మజ్జిగ, గంజి మేలు.

రెండవది ఎస్.సి.సి. యాంటీజెన్. జపాన్ పరిశోధకులు 1977లో ఈ కేన్సర్ కణజాలం నుండే దీనిని వేరుచేశారు. ముఖద్వార కేన్సర్లలో అధికభాగమైన స్క్వామస్ రకంలో ఇది ఉపయోగకరం. గ్రంథికణాల నుండి పుట్టే రకంలో అంతగా కాదు. చికిత్సకు ముందు ఇది బాగా హెచ్చుగా ఉంటే వ్యాధి విస్తృతమై ఉండవచ్చు. చికిత్స ఫలిస్తే త్వరగానే తగ్గుతుంది. ముగిసిన తరువాత కూడా తగ్గకున్నా, తగ్గి మరల పెరుగుతున్నా స్కానింగ్, శరీర పరీక్ష అవసరం.

అయితే ఒక్క కాగితం చూసి కుటుంబమంతా దుఃఖంలో మునగడం తగదు. సోరియాసిస్, ఎగ్జిమా వంటి చర్మవ్యాధులలోనూ, మూత్రపిండాలు చెడినప్పుడూ ఇదే అంకె పెరుగుతుంది. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను బాధించే మందు కనుక ఈ సంగతి మరువరాదు. ఈ కారణంగానే, చికిత్స సాగుతుండగా లోహభస్మాలు గాని, కషాయాలు గాని సొంతంగా వాడవద్దని నా వద్దకు వచ్చేవారికి ఖండితంగా చెబుతున్నాను. ఆయుర్వేద ఔషధమే అయినా కేన్సర్ వైద్యునికి తెలియజేయాలి; క్రియాటినిన్ పరీక్షలు తప్పనీయరాదు.

తెల్లకణాలలో న్యూట్రోఫిల్, లింఫోసైట్ నిష్పత్తినీ, రక్తంలో సంచరించే పాపిల్లోమా వైరస్ డి.ఎన్.ఎ.నూ పరిశీలిస్తున్నారు. మొదటిది మామూలు జ్వరానికే మారిపోతుంది. రెండవది ఆశాజనకమే కాని, ఇంకా అన్ని ఆసుపత్రులలో వాడుకలోకి రాలేదు.

రక్తపరీక్ష ఎంత మంచిగా వచ్చినా రేడియేషన్‌ను మధ్యలో మానరాదు. లోపలినుండి ఇచ్చే రేడియేషన్‌తో సహా మొత్తం ఎనిమిది వారాలలోపు పూర్తికావాలి. ఎస్.సి.సి. పరీక్షను వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో చేయించి, మొదటి కాగితం మొదలు అన్నింటినీ తేదీల వరుసన భద్రపరచి, ప్రతిసారీ వైద్యునికి చూపండి.