నాయన బండి, నా ఆకురాయి

మన కాలేజీ సైకిలు షెడ్డులో ఇవాళ్టికీ మూడు ఆర్‌ఎక్స్ వందలు నిలబడుతున్నాయి. వాటిలో ఒకటి స్టార్టయిందంటే కెమిస్ట్రీ లాబులో బ్యూరెట్ పట్టుకున్నవాడి చెయ్యి వణికి ఎండ్ పాయింటు దాటిపోతుంది. ఆ బండికి సైలెన్సరు సగానికి కోసేశారు. దాని సొంతదారు నాకు మంచి మిత్రుడే. "కోసినంక పికప్ పెరిగింది" అంటాడు. పెరిగింది చప్పుడు, పికప్ కాదు. ఈ రెంటికీ ఉన్న తేడా చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను. చెప్పడానికి నాకేమి అర్హత అంటారా? అది మధ్యలో వస్తుంది. గొప్పగా చెప్పుకునే సంగతి మాత్రం కాదు.

ముందు బండి పుట్టుక. 1984 నుంచి 1986 లోపల జపాను కంపెనీల పొత్తుతో నాలుగు నూరు సి.సి. బండ్లు మన దేశంలో దిగాయి: ఇండ్-సుజుకి, హీరో హోండా, యమహా, కవాసాకి బజాజ్. హీరో హోండా ఒక్కటే ఫోర్ స్ట్రోక్, తక్కిన మూడూ టూ స్ట్రోక్. అంతకుముందు రాజ్‌దూత్ చేస్తుండిన ఎస్కార్ట్స్ వారే 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 తెచ్చారు. సిలిండరు వ్యాసం 50 మి.మీ., పిస్టన్ నడక 50 మి.మీ. లెక్క కడితే 98 సి.సి. శక్తి 11 అశ్వశక్తి, బరువు నూరు కిలోల పైచిలుకు. ఈ బరువు దగ్గరే అసలు కిటుకంతా ఉంది. ఇంగ్లండులో 1957లో లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు వచ్చింది. కొన్నవాళ్లు దాన్ని విడిభాగాలుగా తెచ్చుకొని ఇంటి షెడ్డులో బిగించుకునేవారు. బరువు తగ్గిస్తే చిన్న ఇంజనే పెద్ద పని చేస్తుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఆ కారు మన పాలమూరు రోడ్ల మీద ఎవరు చూశారు గనుక! మనకు లోటస్ సెవెన్ అన్నా ఆర్‌ఎక్స్ వందే.

1996లో దాని తయారీ ఆగిపోయింది. నేను అప్పటికి పుట్టనే లేదు. ఆత్మకూరులో మా నాయన దాన్ని సెకండ్ హాండులో కొన్నాడు. విత్తనాల సంచి, మందు డబ్బా, పాల క్యాను, బడికి పోయే నేను, అన్నీ దాని మీదే. ఆ తరువాత వేరే బండి రావడంతో ఇది కొట్టంలో గడ్డి మోపుల వెనక్కి పోయింది. ఇంటర్ సెలవుల్లో బయటికి లాగాను. టాంకులో తుప్పు, కార్బొరేటరులో ఎండి జిగురైన పెట్రోలు, పాయింట్ల మీద పాచి. నెల రోజులకు మొదటి కిక్కుకు కాదుగాని, నలభయ్యో కిక్కుకు పలికింది. పలకగానే నాకు మంచి మెకానిక్‌నైపోయానన్న భ్రమ పుట్టింది. అసలు తప్పు అక్కడే మొదలైంది.

టూ స్ట్రోక్ ఇంజను ఎలా నడుస్తుందో కమ్మరి కొలిమి తిత్తి చూసినవారికి చెప్పడం తేలిక. తిత్తిని పైకి లాగితే అడుగున తోలు రెక్క తెరుచుకొని గాలి లోపలికి వస్తుంది. కిందికి నొక్కితే ఆ రెక్క మూసుకొని గాలి నిప్పు మీదికి పోతుంది. ఆర్‌ఎక్స్ లో పిస్టన్ కింది భాగమూ, క్రాంకు కేసూ కలిసి ఆ తిత్తి. రీడ్ వాల్వు అనే పలుచని రేకు ఆ తోలు రెక్క. పిస్టన్ పైకి పోయేటప్పుడు కింద పెట్రోలు కలిసిన గాలి పీల్చుకుంటుంది, పైన అంతకుముందు చేరిన మిశ్రమాన్ని అదుముతుంది. ప్లగ్ మెరిసి మంట లేవగానే పిస్టన్ కిందికి దిగుతూ ముందు ఎగ్జాస్టు కిటికీని, వెంటనే ట్రాన్స్‌ఫర్ కిటికీలను తెరుస్తుంది. పాత పొగ పోతుంటే కొత్త మిశ్రమం వస్తుంది. ఫోర్ స్ట్రోకులో రెండు చుట్లకు ఒక మంట, ఇందులో చుట్టుకో మంట. అందుకే ఆ ఊపు.

ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. క్రాంకు కేసులో నుంచి పెట్రోలే పారుతుంది కనుక అక్కడ విడిగా ఇంజనాయిల్ నింపి ఉంచడానికి వీలులేదు. నూనె కూడా గాలితో, పెట్రోలుతో పాటే లోపలికి పోయి, బేరింగులను, పిస్టన్‌ను తడిపి, చివరికి కాలిపోవాలి. యమహా వారు దీనికోసం విడిగా చిన్న పంపు పెట్టారు. రేజు పెంచినకొద్దీ అది ఎక్కువ నూనె ఇస్తుంది. చాలా బండ్లకు మెకానిక్కులు ఆ పంపు పీకేసి "పెట్రోల్లో కలుపుకోండి" అని పంపారు. మా బండిదీ అదే కథ. లీటరుకు 40 మిల్లీలీటర్లు, అనగా ఇరవై ఐదుకు ఒకటి చొప్పున కలిపేవాణ్ణి. రెండో ఇబ్బంది ఏమంటే, పాత పొగ వెళ్లే దారీ కొత్త మిశ్రమం వచ్చే దారీ ఒకేసారి తెరిచి ఉంటాయి. కొత్తది కొంత పొగతోపాటు బయటికి జారిపోతుంది. దీన్ని ఆపేది ఎవరో తరువాత చెబుతాను.

ఇక నా ఘనకార్యం. ఇంజను ఎంత గాలి పీలిస్తే అంత బలమని ఎక్కడో విని, 2023 వానాకాలంలో ఫిల్టరు డబ్బాను తీసి పక్కన పడేశాను. చాలదన్నట్టు ఎగ్జాస్టు కిటికీ అంచును ఆకురాయితో కొంచెం పైకి అరగదీశాను. బండి కేక పెట్టింది. పది కిలోమీటర్లు తోలి ప్లగ్ విప్పి చూస్తే మొన తెల్లగా, సున్నం వేసినట్టుంది. "చూడు నాయనా, ఎంత శుభ్రంగా కాలుతున్నదో" అన్నాను. తెలుపు శుభ్రానికి గుర్తు కాదు, కాపుకు గుర్తు. ప్లగ్ మొన ఇటుక రంగులో, గోధుమ రంగులో ఉండాలి. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లబడితే తక్కువైనట్టు.

మరునాడు బోరు మోటారు స్టార్టరు కాలిపోతే, ఆ డబ్బా ఒళ్లో పెట్టుకొని నాయన వెనక కూర్చున్నాడు. గద్వాలకు బయలుదేరాం. జూరాల ఆనకట్ట దాటి తిన్నని రోడ్డు రాగానే తెగ లాగాను. ఉన్నట్టుండి సన్నగా ఒక ఇనుప కీచు వినిపించి, బండి లాగడం తగ్గింది. నేనేం చేశానంటే, ఇంకా రేజు పెంచాను. అంతే, పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. ఆ అర సెకండులో క్లచ్ పట్టి ఉంటే చక్రం విడిపోయేది. నాకు తట్టలేదు. నాకు మోకాళ్లు చీరుకుపోయాయి. నాయనకు కాలర్ బోన్ విరిగింది. నాట్ల కాలం నాయన చెయ్యి కట్టుకొని గట్టు మీద కూర్చుంటే, అమ్మ కూలీలను పెట్టి నాట్లు ముగించింది. నాయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. నాలుగో రోజున ఒకటే అడిగాడు: "పట్టేటప్పుడు సప్పుడు మారలేదారా?"

మారింది. నేను వినిపించుకోలేదు.

బ్లాకు విప్పి చూసినాకే విషయం పూర్తిగా అర్థమైంది. పిస్టన్ అల్యూమినియం, సిలిండరు లోపలి గొట్టం పోత ఇనుము. 50 మి.మీ. అల్యూమినియం పిస్టన్ ప్రతి 100 డిగ్రీల సెంటీగ్రేడుకు సుమారు 0.115 మి.మీ. వ్యాకోచిస్తుంది. ఇనుము అందులో సగమైనా పెరగదు. ఆ రెంటి నడుమ వదిలిన సందు మిల్లీమీటరులో కొద్ది వందో వంతులు మాత్రమే. మన ఫిజిక్స్ లాబులో ఈ గుణకాలు పట్టికలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను! ఫిల్టరు తీసేస్తే గాలి సులువుగా పోతుంది గాని, జెట్టు మీద పీల్పు తగ్గి పెట్రోలు పలుచబడుతుంది. పలుచని మిశ్రమం వేడిగా కాలుతుంది. పైగా మా బండిలో నూనె ఉన్నది పెట్రోల్లోనే. పెట్రోలు తగ్గిందంటే నూనె కూడా తగ్గింది. అంటే వేడి పెంచిన చేత్తోనే నూనె కూడా ఆపేశానన్నమాట. పైన చెక్కిన కిటికీ అంచుకు ఒక రింగు తట్టుకొని విరిగి ఉంది.

ఇప్పుడు సైలెన్సరు సంగతి. జారిపోయే కొత్త మిశ్రమాన్ని ఆపేది అదే. మా వైపు వారు కాలువ గుర్తు తెచ్చుకోండి. పారుతున్న నీటికి ఎదురుగా తూము దించితే అల వెనక్కి కొడుతుంది. కాలువ ఒక్కసారి వెడల్పయిన చోట మట్టం తగ్గే అల వెనక్కి పాకుతుంది. సైలెన్సరు లోపల కూడా గొట్టం మొదట విప్పారి, తరువాత ముడుచుకుంటుంది. ఎగ్జాస్టు కిటికీ తెరవగానే బయలుదేరిన ఒత్తిడి అల, విప్పారిన చోట నుంచి పీల్పు అలగా తిరిగొచ్చి పొగను లాగేస్తుంది. ముడుచుకున్న చోట నుంచి నెట్టుడు అలగా తిరిగొచ్చి, బయటికి జారిన మిశ్రమాన్ని కిటికీ మూసుకునేలోపు లోపలికి తోస్తుంది. లెక్క చూడండి. నిమిషానికి 7,500 చుట్లలో ఒక చుట్టుకు 8 మిల్లీసెకండ్లు. కిటికీ సుమారు సగం చుట్టు తెరిచి ఉంటుంది, అంటే 4 మిల్లీసెకండ్లు. వేడి పొగలో ధ్వని వేగం సెకండుకు దాదాపు 500 మీటర్లు. ఆ సమయంలో అల 2 మీటర్లు పోతుంది. పోను ఒకటి, రాను ఒకటి. అందుకే ఆ గొట్టం మీటరు చుట్టుపక్కల ఉండేది! సగానికి కోస్తే తిరిగొచ్చే అల లేదు. ఉన్నది రోడ్డు మీదికి పోయే చప్పుడే. కొత్త పెట్రోలు కూడా దానితో పాటే పోతుంది.

ఈ విద్యను పండించినవాడు తూర్పు జర్మనీలో జోపావ్ పట్టణంలోని ఎం.జెడ్. కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. డబ్బు లేని కంపెనీ అది. అయినా 1961 నాటికి 125 సి.సి. నుంచి 25 అశ్వశక్తి, అనగా లీటరుకు 200 చొప్పున రాబట్టాడు. ఆ ఏడాదే ఆయన రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పశ్చిమ దేశాలకు పారిపోయి, ఆ కిటుకులు మూటగట్టుకొని సుజుకిలో చేరాడు. మరుసటి ఏడు 50 సి.సి. ప్రపంచ పోటీలో గెలిచాడు. ఒక మనిషి దేశం దాటించిన విద్యను మనవాళ్లు రంపంతో కోసి పాత సామాను కొట్టులో అమ్ముతున్నారు!

"బోరు కొట్టిస్తే పవరు వస్తుంది" అనేది ఇంకొక నమ్మకం. అరిగిన సిలిండరుకు లేత్ మీద బోరింగు చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేయడం వైద్యమే గాని బలం మందు కాదు. వ్యాసం 50 నుంచి 51 మి.మీ. చేస్తే 98 కాస్తా 102 సి.సి. అవుతుంది. నూటికి నాలుగు.

చట్టం మాటా చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణతో ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

మరి ఇంట్లో ఏదీ చేయకూడదా అంటే, చేయవలసినవి బోలెడు. గోడ కట్టి కోతల కాలపు దుమ్ములో తిరిగే బండికి ఫిల్టరు స్పాంజిని నెలకోసారి కడిగి నూనె రాయడం. పాయింట్ల నడుమ సందు ఫీలర్ గేజితో చూడడం. సైలెన్సరు తోక దగ్గరి బోల్టు విప్పి లోపలి పైపును గీకితే పోయిన పికప్ తిరిగొస్తుంది, రంపం అవసరం లేదు. వేగం కన్నా ముందు బ్రేకులు చూడాలి. ముందర డ్రమ్ములో లైనింగు అరిగితే మార్చాలి, కేబులుకు నూనె పట్టించాలి. ఈ పనులకు పేరు రాదు, చప్పుడూ రాదు.

నేను బ్లాకుకు కొత్త గొట్టం వేయించి ఫిల్టరు డబ్బా తిరిగి బిగించాను. పాత సామాన్లలో దొరికిన నూనె పంపు కూడా పెట్టాను. నాయన మొదట ఒంటరిగా జూరాల దాకా పోయి వచ్చాడు. వచ్చి, బండిని నీడకు పెట్టి, "సప్పుడు బాగుంది" అన్నాడు.

సైకిలు షెడ్డు మిత్రుడికి ఒక మనవి. పాత సైలెన్సరు ఒకటి చూసిపెట్టాను. ఆదివారం హాస్టలు వెనక చెట్టు కింద కూర్చుందాం. స్పానర్లు నావి, చాయ్ నీది.