పాటకు ముఖచిత్రము

పాటను వినునది చెవి; కాని అల్మరాలోనుండి ఆ పాటను వెదకి తీయునది కన్ను. గ్రామఫోను రికార్డులున్న ఇండ్లలో, చదువురాని పెద్దలు సైతము అట్టమీది బొమ్మనుబట్టి కోరిన రికార్డును పైకి తీయగలరు. ఇప్పుడా పాటలు కంప్యూటరులోనికిని, చేతి ఫోనులోనికిని చేరినవి. ఫోను తెరమీద వేయి పాటలకును ఒకే బూడిదరంగు గుర్తు కనిపించినచో, చూపు మందగించిన అవ్వకు ఏ పాట ఏదో తెలియదు. కావున పాటల ఫైలులో ముఖచిత్రమును పొదుగుట వట్టి అలంకారము కాదు. ఆ పని ఎట్లు జరుగునో, అందు ఏయే జాగ్రత్తలు వహింపవలెనో ఈ ప్రసంగమున విచారింతము.

తొలినాళ్లలో రికార్డులకు ముఖచిత్రములు అరుదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డును సాధారణముగా కంపెనీ పేరు ముద్రించిన కాగితపు సంచిలో ఉంచి అమ్మెడివారు. సంచి నడుమ గుండ్రని రంధ్రము; అందులోనుండి రికార్డు మధ్యనున్న చీటీ కనిపించెడిది. సినిమా పేరు, పాడినవారి పేర్లు, రికార్డు సంఖ్య మున్నగు వివరములను ఆ చీటీయే చెప్పెడిది. 1940 ప్రాంతమున అమెరికాలో కొలంబియా కంపెనీ చిత్రకారుడు అలెక్స్ స్టైన్‌వైస్ రికార్డుల అట్టలపై బొమ్మలు వేయ నారంభించెను. 1948లో అదే కంపెనీ ఎల్.పి. రికార్డును తెచ్చిన పిమ్మట, పన్నెండంగుళముల అట్ట చిత్రకారునకు విశాలమైన స్థలమైనది. వెనుక అట్టమీద రచయిత, స్వరకర్త, గాయకుల వివరములు చేరినవి.

కంప్యూటరు ఫైలు చరిత్రయు ఇట్లే నడచినది. ఎమ్.పి.3 పాటకు మొదట చీటీ కూడ లేదు. 1996లో ఎరిక్ కెంప్ అనునాయన ఫైలు చివర 128 బైట్ల చిన్న చీటీని తగిలించు పద్ధతిని కల్పించెను. దానికి ఐడీ3 అని పేరు. పాట పేరునకు 30 బైట్లు, గాయకునకు 30, ఆల్బమునకు 30. బొమ్మకు చోటే లేదు.

తెలుగువారికి ఈ చీటీ మరింత ఇరుకు. అమీర్‌పేటలోని సారథి స్టూడియోలో తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైనది. పూర్తిగా హైదరాబాదులో చిత్రీకరించిన తొలి తెలుగు చిత్రముగా అది ప్రసిద్ధము. ఆ పేరును నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో వ్రాసినచో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడేసి బైట్లు పట్టును. వెరసి 50 బైట్లు. 30 బైట్ల గడిలో అది ఇమడదు. పైగా ఆ తొలి చీటీ భారతీయ లిపులను ఉద్దేశించినది కాదు. అందుచేత మన పాటల పేర్లు అనేకము ఇంగ్లీషు అక్షరములలో, సగము తెగి, పలుతెరగుల వర్ణక్రమములతో మిగిలినవి. అట్టిచోట తెలుగులో పేరు కనిపించు ముఖచిత్రమే పాటకు నమ్మదగిన ఆనవాలు.

1998లో ఐడీ3 రెండవ రూపము వచ్చినది. ఇది ఫైలు చివర గాక మొదట నుండును. తెలుగు అక్షరములకును, బొమ్మకును తావిచ్చును. పొదిగిన ప్రతి బొమ్మకును ఒక తరగతి సంఖ్య కలదు. ముందు అట్టకు 3, వెనుక అట్టకు 4. నాదమును ఏ మాత్రము నష్టపరుపక భద్రపరచు ఫ్లాక్ అను మరియొక రకపు ఫైలు 2001లో వెలువడినది. అందును బొమ్మకు ప్రత్యేకమైన అర కలదు. తరగతి సంఖ్యలును ఇవియే.

ఇంటిలోని రికార్డులను కంప్యూటరులోనికి ఎక్కించినవారికి వందలు, వేలు ఫైలులుండును. ఒక్కొక్క ఫైలును తెరచి బొమ్మను అంటించుట విసుగు పుట్టించు పని. ఇచ్చట అక్కరకు వచ్చునది కమాండ్ లైను; అనగా నల్లని తెరమీద అక్షరములతో ఆజ్ఞను వ్రాసి కంప్యూటరుచేత పని చేయించు పద్ధతి. పంజగుట్ట దాటి, రెండు మెట్రో మార్గములు కలిసికొను అమీర్‌పేట చేరినచో, మైత్రీవనం పరిసరములలో ఈ విద్యను నేర్పు శిక్షణాలయముల పలకలు కనిపించును. జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు హాస్టళ్లలో బసచేసి, ఉద్యోగార్థమై లినక్స్ ఆజ్ఞలు అభ్యసింతురు. ఆ విద్యనే తాతగారి పాటల పెట్టెకును వినియోగింపవచ్చును.

ఫ్లాక్ ఫైలులకు మెటాఫ్లాక్ అను ఉచిత సాధనము కలదు. పనిని నాలుగు మెట్లుగా చేయవలెను. మొదటిది, చూచుట: లిస్ట్ అను ఆజ్ఞ నిచ్చి, పిక్చర్ అరను మాత్రము చూపుమని కోరినచో, బొమ్మ ఉన్నదో లేదో, ఉన్నచో దాని తరగతి, కొలతలు, బరువు తెలియును. రెండవది, పాత బొమ్మను దాచుట: ఎక్స్‌పోర్ట్ ఆజ్ఞతో దానిని వేరు ఫైలుగా వెలికి తీయవలెను. మూడవది, తొలగించుట: రిమూవ్ ఆజ్ఞ. నాల్గవది, క్రొత్త బొమ్మను పొదుగుట: ఇంపోర్ట్ ఆజ్ఞ. మూడవ మెట్టును విడిచి నాల్గవదానికి పోయినచో ఒకే పాటలో రెండు ముఖచిత్రములు చేరి, ఏ ఫోను దేనిని చూపునో చెప్పజాలము.

ఎమ్.పి.3 ఫైలులకు ఎఫ్ఎఫ్‌ఎమ్‌పెగ్ అను సాధనమును వాడవచ్చును. పాటను, బొమ్మను రెంటిని లోనికిచ్చి, పాటనుండి ధ్వనిని మాత్రము, బొమ్మ ఫైలునుండి చిత్రమును గైకొని క్రొత్త పేరుతో మూడవ ఫైలును వ్రాయుమని ఆజ్ఞాపింపవలెను. ఇందు ‘కాపీ’ అను మాట ప్రాణము వంటిది. అది ఉన్నచో ధ్వని ఉన్నది ఉన్నట్లే క్రొత్త ఫైలునకు చేరును. అది మరచినచో సాధనము పాటను మరల కుదించి వ్రాయును. అట్లు చేసిన ప్రతిసారియు నాదములో కొంత నష్టమగును. బొమ్మకొరకు పోయి పాటను చెరుపుకొనుట తగదు గదా!

ఒక ఫోల్డరులో ఒకే ఆల్బము పాటలు మాత్రమే ఉంచి, ‘ఇందలి ప్రతి పాటకును ఈ పని చేయుము’ అని ఒక్క పంక్తి వ్రాసిన చాలును. కంప్యూటరు క్షణములలో ముగించును. కాని ఆ వేగమే అపాయము. బొమ్మ ఫైలు పేరులో ఒక్క అక్షరము తప్పినచో, పాత బొమ్మలన్నియు తొలగిపోవును, క్రొత్తది ఒక్కటియు చేరదు. కాబట్టి ముందుగా పాటలన్నింటికి వేరొక డిస్కులో నకలు ఉంచుకొని, ఒక్క పాటమీద పరీక్షించి, విని, చూచి, ఆ పిమ్మటనే తక్కినవానిపై ప్రయోగింపవలెను.

బొమ్మ బరువును కూడ గమనింపవలెను. మూడు నిమిషముల పాటను సెకనుకు 128 కిలోబిట్ల వేగమున కుదించినచో ఇంచుమించు 2.9 మెగాబైట్లగును. దానిలో 5 మెగాబైట్ల బొమ్మను పొదిగినచో పాటకంటె పటమే బరువు. పన్నెండు పాటల ఆల్బములో అదే బొమ్మ పన్నెండు మారులు చేరి 60 మెగాబైట్లను ఆక్రమించును. బొమ్మను 300 కిలోబైట్లకు తగ్గించినచో మొత్తము 3.6 మెగాబైట్లే. పెద్ద బొమ్మను ఇంటి డిస్కులో విడిగా భద్రపరచి, పాటలో చిన్నదానిని పొదుగుట మేలు. కొన్ని పాత కారు ప్లేయర్లు ఐడీ3లో 2.3 రూపమునే చదువగలవు. ఎఫ్ఎఫ్‌ఎమ్‌పెగ్ ఆజ్ఞలో ఆ సంఖ్యను పేర్కొన్నచో ఈ చిక్కు తప్పును.

ఇక ఏ బొమ్మను పొదుగవలెననునది చివరి ప్రశ్న. ఎచ్చటనో దొరికిన సినిమా పోస్టరును అంటించుట సులభమే. కాని ఒకే పేరుతో వేర్వేరు సంవత్సరములలో చిత్రములు వచ్చియుండవచ్చును. మీ ఇంటి ఎల్.పి. అట్టను పగటి వెలుతురులో నేరుగా పైనుండి ఫొటో తీసి దానిని వాడుడు. వెనుక అట్టను కూడ తీసి నాల్గవ తరగతిగా చేర్చినచో, వయొలిన్ వాయించినవారి పేరు, పాట వ్రాసినవారి పేరు అందుండినయెడల అవియు పాటతోబాటు నిలుచును. అట్టలేని 78 రికార్డయినచో దాని నడిమి చీటీనే ఫొటో తీయుడు. ఆ రికార్డునకు అంతకంటె నిజమైన ముఖచిత్రము వేరొకటి లేదు.