వార్తల్లో పదం: త్రీడీ వీ-క్యాష్

ర్యామ్ నుంచి డేటా వచ్చేదాకా ప్రాసెసర్ కోర్లు ఖాళీగా ఎదురుచూడాల్సిందే. ఆ నిరీక్షణను తగ్గించేందుకే చిప్‌లో క్యాష్ అనే చిన్న, వేగవంతమైన మెమరీ ఉంటుంది. 2022లో చిప్ తయారీ సంస్థ ఏఎండీ తన రైజెన్ 7 5800ఎక్స్‌3డీలో 64 ఎంబీ అదనపు క్యాష్‌ను కోర్లున్న చిప్ మీద పేర్చి, ఎల్3 (మూడో స్థాయి క్యాష్) మొత్తాన్ని 96 ఎంబీకి చేర్చింది. ఆ పద్ధతి పేరే త్రీడీ వీ-క్యాష్. గేముల్లో ఫలితం స్పష్టంగా కనిపించింది. కానీ పైపొర వేడికి అడ్డుపడటంతో క్లాక్ స్పీడ్ తగ్గించక తప్పలేదు. 2024 నవంబరులో 479 డాలర్లకు వచ్చిన రైజెన్ 7 9800ఎక్స్‌3డీలో ఆ పొరను కోర్ల కిందికి మార్చారు. నా దృష్టిలో అసలు ముందడుగు ఇదే: కోర్ల వేడి ఇప్పుడు నేరుగా కూలర్‌కు చేరుతుంది.

వేడి చిక్కు తగ్గింది కాబట్టి అందరికీ ఇదే ఉత్తమమనే వాదన మాత్రం నిలవదు. 9800ఎక్స్‌3డీలో ఉన్నవి 8 కోర్లే. వీడియో ఎన్‌కోడింగ్, త్రీడీ రెండరింగ్ వంటి పనుల్లో 24 కోర్ల ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కె దీన్ని దాటిపోతుంది. గేముల్లోనూ 4కె రిజల్యూషన్‌కు వెళ్తే భారం ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది, మిగతా ప్రాసెసర్లతో తేడా బాగా తగ్గిపోతుంది. ఏఎండీదే 16 కోర్ల 9950ఎక్స్‌3డీ ఉంది కదా అనొచ్చు. అందులోనూ అదనపు క్యాష్ సగం కోర్లకే అందుతుంది. గేమును ఆ కోర్ల మీదే నడిపించే పని సాఫ్ట్‌వేర్ సరిగ్గా చేయాలి.