హ్యూమిడిఫైయర్ కొంటున్నారా? అందులో నీళ్లు తప్ప ఇంకేమీ కలపొద్దు

పోయిన ఎండాకాలం మా ఆపా ఫోన్ చేసింది. రెండేళ్ల బాబుకి ఏసీ గదిలో రాత్రంతా పొడి దగ్గు. "హ్యూమిడిఫైయర్ ఆర్డర్ పెట్టానురా. నీళ్లలో రెండు చుక్కలు యాంటీసెప్టిక్ వేస్తే క్రిములు చస్తాయి కదా?" అని అడిగింది. "ఆపా, అస్సలు వద్దు" అన్నాను. కారణం ఇదీ.

దక్షిణ కొరియాలో 1994 నుంచి హ్యూమిడిఫైయర్ ట్యాంకులో కలిపే క్రిమిసంహారక మందులు అమ్మారు. శుభ్రత కోసమే కదా అని జనం కొన్నారు. 2011లో గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు అంతుపట్టని ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రుల్లో చేరారు. విచారిస్తే ఆ మందులే కారణమని తేలింది. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. నేల తుడిస్తే ఏమీ చేయని మందు, సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే విషమైంది. అందుకే యాంటీసెప్టిక్, బామ్, అత్తరు, సెంటు నూనెలు ఏవీ ట్యాంకులో వేయొద్దు.

అసలు మీకు అవసరమా?

గాలిలో తేమ ఎంతుందో చూపించే చిన్న మీటరును హైగ్రోమీటర్ అంటారు. ముందు అది కొనండి, ఖరీదు తక్కువే. ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. హైదరాబాద్‌లో ఫిబ్రవరి నుంచి మే దాకా మధ్యాహ్నం గాలి బాగా పొడిగా ఉంటుంది, దానికి ఏసీ తోడైతే ఇంకా ఆరిపోతుంది. విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు వైపు ఏడాదిలో చాలా రోజులు ఉక్కపోతే, అక్కడ చాలా ఇళ్లకి ఇది దండగ ఖర్చు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకీ ఇదే లెక్క: రియాద్‌లో పొడి గాలి, సముద్రం పక్కనున్న జిద్దాలో తేమ.

తేమ మరీ ఎక్కువైనా ముప్పే. గోడలకు బూజు పడుతుంది, పరుపుల్లో కంటికి కనిపించని పురుగులు పెరుగుతాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇబ్బంది ఎక్కువవుతుంది. కిటికీ అద్దాల మీద నీటి చుక్కలు కనిపిస్తే మెషీన్ ఆపేయండి.

ఏ రకం మంచిది?

నీళ్లు మరిగించి ఆవిరి పంపే రకం పిల్లలున్న ఇంట్లో వద్దు. చెయ్యి తగిలినా, ఒలికినా కాలుతుంది. చల్లని తుంపర ఇచ్చే అల్ట్రాసోనిక్ రకం చప్పుడు చేయదు, కరెంటు తక్కువ తింటుంది. కానీ నీళ్లలో ఉన్న ఉప్పులన్నీ తుంపరతో పాటు గాలిలోకి వస్తాయి. బోరు నీళ్లు పోస్తే సామాన్ల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, అదే మనం పీలుస్తాం కూడా. నీళ్లు కాచినా ఉప్పులు పోవు. ఆర్‌ఓ లేదా డిస్టిల్డ్ నీళ్లే పోయండి. ఫ్యాన్, తడి ఫిల్టర్‌తో పనిచేసే రకంలో ఈ పొడి సమస్య చాలా తక్కువ, కాకపోతే ఫిల్టర్లు మారుస్తూ ఉండాలి.

కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. ఫిల్టర్ల ఖర్చు, నీళ్ల ఖర్చు కూడా కలిపి లెక్కేయండి. డబ్బా మీద రాసిన గది సైజు మీ గదికి సరిపోవాలి. నీళ్లు అయిపోతే దానంతట అదే ఆగిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ట్యాంకు మూతి వెడల్పుగా ఉండాలి. చెయ్యి దూరకపోతే కడగలేం.

రోజూ చేయాల్సింది

నిన్నటి నీళ్లు పారబోసి, ట్యాంకు తుడిచి ఆరబెట్టి, తాజా నీళ్లు పోయాలి. మూడు రోజులకోసారి ప్లగ్ తీసేసి తెల్ల వెనిగర్‌తో కడగాలి. వాసన పోయేదాకా మంచినీళ్లతో జాలించాలి. నిలవ నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా, బూజు కూడా తుంపరతోనే గాలిలోకి వస్తాయి. మంచానికి, ప్లగ్ బోర్డుకి దూరంగా, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

ఆపా చివరికి మీటరు పెట్టి చూసింది, తేమ 24 శాతం. మెషీన్ ఉంచుకుంది, యాంటీసెప్టిక్ సీసా మాత్రం అలమరాలోకి తిరిగి వెళ్లింది. ఒక్క మాట: దగ్గు తగ్గకపోయినా, పిల్లాడు ఊపిరికి ఇబ్బంది పడుతున్నా మెషీన్‌ని నమ్ముకుని కూర్చోకండి. వెంటనే డాక్టరుకి చూపించండి.