పారేయకముందు ఒక్కమాట

కడపలోనో కర్నూలులోనో తాతగారి అటకమీద పాత ఎల్.పి. రికార్డులు దొరికాయనుకోండి. పిల్లలు ముచ్చటపడి టర్న్‌టేబుల్ కొని, ఇంట్లో వున్న యాంప్లిఫయరుకు తగిలిస్తారు. పాట వినబడుతుంది, కాని గొంతు పీలగా, దోమ పాడినట్టుంటుంది. మృదంగం జాడే వుండదు. “రికార్డు అరిగిపోయింది” అని పాత సామాన్లవాడికి వేసేస్తారు. తొందరపడకండి. తప్పు రికార్డుది కాకపోవచ్చును.

వెనుక పోస్టుకార్డుమీద చోటు కలిసివస్తుందని ‘మ.రా.రా.శ్రీ.’ అని రాసేవారు. చదివేవారు దానిని ‘మహారాజరాజశ్రీ’ అని విప్పుకునేవారు. రికార్డులోనూ అటువంటి పొదుపే వున్నది. మంద్రస్వరాలను వున్నవున్నట్టు చెక్కితే గాడి అటూయిటూ ఊగి పక్క గాడిలో పడుతుంది. అందుకని వాటిని తగ్గించి, తారస్వరాలను పెంచి చెక్కుతారు. ఆర్.ఐ.ఏ.ఏ. అనే అమెరికా రికార్డు కంపెనీల సంఘం 1954లో దీనికొక లెక్క ఏర్పరచింది. క్రమంగా లోకమంతా ఎల్.పి.లకు అదే లెక్క అయింది. వినేటప్పుడు తగ్గించినదానిని పెంచాలి, పెంచినదానిని తగ్గించాలి. దానితో గాడిలోని బరబర కూడా అణుగుతుంది. ఈ పని చేసేదే ఫోనో ప్రీయాంప్లిఫయరు.

అయస్కాంతపు పికప్పు ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. ఈ పెట్టె దానిని దాదాపు 100 రెట్లు చేస్తుంది. పాత రేడియోగ్రాముల క్రిస్టల్ పికప్పుకు మాత్రం దీనితో పనిలేదు.

టంకం పెట్టడం వచ్చిన కుర్రవాడు ఒక ఆదివారంలో దీనిని కట్టగలడు. ఎన్.ఇ. 5532 అనే ఎనిమిది కాళ్ళ ఐ.సి. ఒక్కటి కుడి ఎడమలు రెండింటికీ చాలును. పికప్పు తీగ వచ్చి చేరేచోట 47 కిలో ఓముల రెసిస్టరు వుండాలి. తక్కిన రెసిస్టర్లు, కెపాసిటర్లు ఆర్.ఐ.ఏ.ఏ. లెక్కకు గీసిన సర్క్యూటులోని విలువలకే, రెండువైపులా సమానంగా వుండాలి. ఖర్చు కొన్ని వందల రూపాయలు.

మన ఇళ్ళలో కరెంటు 50 సైకిళ్ళది. పెట్టె బాగా పెంచేది సరిగా ఆ మంద్రస్థాయినే. కనుక కరెంటు గాలి సోకినా గుయ్యిమంటుంది. అందుచేత రెండు 9 వోల్టుల బ్యాటరీలు వాడి, అంతా ఒక రేకుడబ్బాలో బిగించండి. డబ్బాను సర్క్యూటు ఎర్తుకు కలిపి, టర్న్‌టేబుల్ ఎర్తుతీగను కూడా దానికే చుట్టండి.

78 చుట్ల రికార్డుల సంగతి వేరు. కడప జిల్లాలో పుట్టిన బి.ఎన్. రెడ్డిగారి ‘మల్లీశ్వరి’ 1951లో వచ్చింది. ఆనాటి పాటల రికార్డులు ఆ లెక్కకు ముందువి. వాటికి లావుపాటి ముల్లు వుండాలి. మంద్ర తారలను చెవికి ఇంపుగా యాంప్లిఫయరు మీదే సర్దుకోవాలి.

మన సీమ ఎండకు ఎల్.పి.లు వంగిపోతాయి. నీడలో, నిలువుగా దాచండి. పెట్టె ఎప్పుడైనా కట్టుకోవచ్చును. పారేసిన రికార్డు మాత్రం తిరిగి రాదు.