‘ఎగరం’ అన్నందుకు

సైన్యంలో చీతా హెలికాప్టర్ నడిపిన రోజుల్లో వాతావరణం బాగోలేదని చెబితే మా పై అధికారి మారు మాట్లాడేవారు కాదు. రిటైరయ్యాక రెండు హెలికాప్టర్లతో చార్టర్ కంపెనీ పెట్టాను. అదే మాటకు ఎంత ఖర్చవుతుందో అప్పుడు తెలిసింది. హెలికాప్టర్ షెడ్డులో ఉన్నా లీజు, బీమా, జీతాలు ఆగవు.

ఒక ఎన్నికల ప్రచారంలో మధ్యాహ్నానికే మబ్బులు కొండల్ని కమ్మేశాయి. ‘జనం ఎదురుచూస్తున్నారు. మిలిటరీవాళ్లు, మీకు భయమేమిటండీ?’ అన్నాడు నాయకుడి పీఏ. మా పైలట్ నా వైపు చూశాడు. ఎగరం అన్నాను. వాళ్లు కార్లో వెళ్లారు. కాంట్రాక్టు ఇంకొకరికి పోయింది. ఆ నెల జీతాలు నా పెన్షన్ డబ్బుతో ఇచ్చాను.

2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిని నల్లమలలో బలిగొన్న ప్రమాదంలో కూలింది రెండు ఇంజన్ల బెల్ 430. నడిపింది ఇద్దరు పైలట్లు. మబ్బులో కొండ అడ్డొస్తే రెండో ఇంజనేం చేస్తుంది? 2025 జూన్ 15న కేదార్‌నాథ్ నుంచి తిరిగొస్తూ కూలిన హెలికాప్టర్‌లో ఏడుగురు పోయారు. ఆ పైలట్ కూడా మాలాగే సైన్యం నుంచి వచ్చినవారే.

వాతావరణం వల్ల రద్దయిన ప్రయాణానికీ కనీస చెల్లింపు ఉండాలని ప్రతి కాంట్రాక్టులోనూ అడిగేవాణ్ని. ఒక్కరూ ఒప్పుకోలేదు.