కుళ్లాయప్ప ఎవరి పేరు? అనంతపురం పేర్ల వెనుక ఉన్న కథ

అనంతపురం జిల్లాలో ఏ పల్లె బడికైనా వెళ్లి హాజరు పట్టీ చూడండి. కుళ్లాయప్ప, ఫకీరప్ప, హుస్సేనప్ప, బాబయ్య, మస్తానమ్మ... పేరు చూసి మతం చెప్పమంటే చాలాసార్లు చెప్పలేం. కుళ్లాయప్ప అనే పిల్లోడు బోయవాళ్ల ఇంట్లో ఉంటాడు, దూదేకుల వాళ్ల ఇంట్లోనూ ఉంటాడు. ఊళ్లో ఇది ఎవరికీ సమస్య కాదు. ఆ పేరు కాగితం మీదికి ఎక్కినప్పుడే సమస్య మొదలవుతుంది. అందుకే మన పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవడం సరదా కోసమే కాదు, అవసరం కూడా.

టోపీ పేరైంది

నార్పల మండలం గూగూడులో మొహర్రం నాడు జరిగే కుళ్లాయిస్వామి పీర్ల పండుగ తెలియనివాళ్లు ఈ ప్రాంతంలో అరుదు. పీర్ల చావిడి పక్కనే ఆంజనేయుడి గుడి ఉంటుంది. వచ్చేవాళ్లు రెండు చోట్లా దండం పెట్టుకుంటారు. ఈ పండుగ మీద అఫ్సర్ మహమ్మద్ ఇంగ్లిషులో రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది.

'కుళ్లాయి' అంటే టోపీ. ఫారసీలోని 'కులాహ్' తెలుగులోకి, కన్నడంలోకి ఇలా వచ్చింది. విజయనగర కాలంలో దర్బారుకు వెళ్లే పెద్దమనుషులు పొడవాటి కుళ్లాయి పెట్టుకునేవాళ్లు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మల్లో ఆ కుళ్లాయిలు ఇప్పటికీ కనిపిస్తాయి. అంటే ఒక ఫారసీ మాట హిందూ రాజుల కొలువుకు చేరింది. తర్వాత పీరు పేరైంది. దానికి 'అప్ప' చేరి చివరికి రైతు బిడ్డ పేరైంది.

మొక్కుతో వచ్చిన పేర్లు

వానలు సరిగా పడని, ఒకప్పుడు పిల్లలు బతకడమే కష్టమైన నేల ఇది. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి దక్కకపోయినా దర్గాకో గుడికో మొక్కుకునేవాళ్లు. మొక్కు తీరితే పేరు అక్కడిదే పెట్టాలి. పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ దర్గాకు మొక్కుకున్న ఇంట్లో బాబయ్య, ఫక్రుద్దీన్ అని పెడతారు. తమిళనాడులోని నాగూరు దర్గా నుంచి నాగూర్ వలి, నాగూర్ బీ వచ్చాయి.

'ఫకీర్' అరబీ మాట. పేదవాడు అని అర్థం. 'అప్ప' చేరితే ఫకీరప్ప, వాడుకలో పక్కీరప్ప. హుస్సేన్ అంటే అందమైనవాడు, మంచివాడు. 'హసన్'కు ముద్దు రూపం అది. ఖాసిం అంటే పంచిపెట్టేవాడు. వలి అంటే దేవుడికి దగ్గరివాడు. మహబూబ్ అంటే ప్రియమైనవాడు. మస్తాన్ ఫారసీ మాట, భక్తిలో మత్తెక్కినవాడు అని భావం. సీమలో ఎక్కడ చూసినా వినిపించే బాషా, 'పాదుషా'కు కుదించిన రూపం. ఆడవాళ్ల పేరు చివర వచ్చే 'బీ', బీబీ నుంచి వచ్చింది.

ఫకీరప్పకు పక్కింటి చుట్టం తిప్పేస్వామి. కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్ప. కర్ణాటకలోని నాయకనహట్టి తిప్పేరుద్రస్వామి భక్తులు ఆ పేరు పెట్టుకుంటారు. తెలంగాణ వైపు వినిపించే పెంటయ్య, పెంటమ్మ పేర్ల వెనుక మరో నమ్మకం ఉంది. బిడ్డకు తక్కువ పేరు పెడితే దిష్టి తగలదని, చావు కన్ను పడదని. మతాలు వేరైనా తల్లి భయం ఒకటే.

షేక్, సయ్యద్, పఠాన్

షేక్ అంటే అరబీలో పెద్దమనిషి. గల్ఫ్ దేశాల్లో అది రాజకుటుంబీకులకు, మతపండితులకు వాడే గౌరవపదం. మన దగ్గర మాత్రం లక్షలమందికి ఇంటిపేరు. సయ్యద్ అంటే అయ్యగారు అనే అర్థం. ప్రవక్త వంశం వాళ్లమని చెప్పుకునే కుటుంబాలు వాడతాయి. పఠాన్ మాట అఫ్గాన్ వైపు పష్తూన్ల నుంచి, ఖాన్ మాట తుర్కు, మంగోలు తెగల నుంచి వచ్చాయి.

దూదేకుల వాళ్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దూదిని ఏకడం వాళ్ల కులవృత్తి, పేరులోనే పని ఉంది. పింజారీ అన్నా అదే పని. లద్దాఫ్ అనేది అరబీ 'నద్దాఫ్' నుంచి వచ్చింది, దానికీ దూది ఏకేవాడనే అర్థం. మూడు భాషలు, ఒకే పని. బుర్రకథకు పేరు తెచ్చిన పద్మశ్రీ షేక్ నాజర్ ఈ సమాజం నుంచి వచ్చినవారే.

ఊరే ఇంటిపేరు

తెలుగు ఇంటిపేర్లలో చాలా వరకు ఊళ్ల పేర్లే. కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి, సాహిత్య సంగీత పండితుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, ఇద్దరి ఇంటిపేర్లూ ఈ జిల్లా పల్లెలవే. అరబ్బుల్లో కూడా ఇదే పద్ధతి ఉంది. బుఖారా నుంచి వస్తే బుఖారీ, బాగ్దాద్ నుంచి వస్తే బాగ్దాదీ.

అయితే వినడానికి ఒకేలా ఉన్నవన్నీ ఒకటి కావు. కదిరి ఊరి పేరు సంస్కృతంలోని 'ఖదిర', అంటే చండ్ర చెట్టు నుంచి వచ్చిందని చెబుతారు. ఖాద్రీ అనే ముస్లిం పేరు మాత్రం బాగ్దాద్‌లోని అబ్దుల్ ఖాదిర్ జీలానీ పేరు మీద వచ్చింది. రెండిటికీ సంబంధం లేదు.

అన్ని దేశాల్లో ఇంటిపేరు ఉండదు కూడా. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి తండ్రి పేరే చివర వస్తుంది. తుర్కియేలో 1934లో చట్టం చేసి అందరినీ ఇంటిపేరు పెట్టుకోమన్నారు.

కాగితం మీద పేరు

ఇక అసలు చిక్కు. ఆధార్‌లో 'షేక్ మస్తాన్ వలి', పదో తరగతి సర్టిఫికెట్‌లో 'ఎస్. మస్తాన్‌వలి', పట్టాదారు పాసుపుస్తకంలో 'మస్తాను' అని ఉంటే మనిషి ఒక్కడే, కాగితాల్లో మాత్రం ముగ్గురు. పెన్షన్ దగ్గర, బ్యాంకు లోను దగ్గర ఇదే గొడవ.

రిజర్వేషన్‌లోనూ పేరు అడ్డం తిరగొచ్చు. 2007 చట్టంతో బీసీ-ఇ కింద వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం వచ్చింది. అందులో షేక్ ఉంది. సయ్యద్, పఠాన్, మొఘల్ లేవు. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా బీసీ-బిలో ఉన్నాయి. మరి దూదేకుల ఇంటి పిల్లవాడికి బడిలో 'షేక్' అని రాయిస్తే? తండ్రి కాగితంలో ఒకటి, కొడుకు కాగితంలో ఇంకొకటి. కులం తేల్చేది విచారణే కానీ పేరు కాదు. అయినా మొదటి అనుమానం పేరు దగ్గరే వస్తుంది.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. పాస్‌పోర్టులో ఒకే మాట పేరు ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. తండ్రి పేరో ఇంటిపేరో పాస్‌పోర్టు రెండో పేజీలో ఉంటే సరిపోతుందని తర్వాత సడలించింది. ఉత్త 'కుళ్లాయప్ప' అని రాయించుకున్నవాళ్లకు ఆ రోజుల్లో ఎంత కంగారో ఊహించుకోవచ్చు.

ఏం చేయాలి?

2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడికి, ఆధార్‌కు, ఓటుకు, పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రమే ఆధారం. అందుకని అందులో రాయించే పేరే జీవితాంతం నడుస్తుంది. పేరు ఇంకా ఖాయం కాకపోతే ముందు జననం నమోదు చేయించాలి. 12 నెలల లోపు ఫీజు లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండు సార్లే ఉంటుంది. కాబట్టి తొందరపడి ఎలా పడితే అలా మార్పించుకోవద్దు. ముందు పదో తరగతి సర్టిఫికెట్ చూసుకుని, మిగతావన్నీ దానికి సరిపెట్టుకోవడం మేలు. నిఖా అయినంత మాత్రాన ఆడబిడ్డ పేరు మార్చుకోవాలని షరియత్‌లో ఎక్కడా లేదు. ఆమె కాగితాలు పుట్టింటి పేరుతోనే కొనసాగవచ్చు.

పేరు మాత్రం మార్చుకోవాల్సిన పని లేదు. కుళ్లాయప్ప, ఫకీరప్ప, తిప్పేస్వామి అన్నందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎవరో ఒక అమ్మ కరువులో మొక్కుకున్న మొక్కు ఆ పేరులో ఉంది. అక్షరాలు మాత్రం ప్రతి కాగితంలోనూ ఒకేలా ఉండేట్టు చూసుకుంటే చాలు.